బాయిలర్ మీద నింద

లాండ్రీలో ఆమెను అందరూ ఆవిరక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆవిరి ప్రెస్ ముందు నిలబడి హోటళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషికి ఇంకేం పేరు పెడతారు? దుప్పటి మూల ముడత కనిపిస్తే చాలు, అంతెత్తున లేచేది.

నలభై ఎనిమిదో ఏట ఆమెకు బాయిలర్ మీద అనుమానం పట్టుకుంది. పని మధ్యలో ఉన్నట్టుండి ఛాతీ నుంచి ముఖానికి సెగ తన్నుకొచ్చేది. బట్టలు తడిసి ముద్దయ్యేవి. "వాల్వు లీకవుతోందయ్యా!" అని మెకానిక్కును మూడుసార్లు పిలిపించింది. పాపం అతను మూడుసార్లూ అంతా విప్పి బిగించి, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని గొణుక్కుంటూ వెళ్లాడు.

ఒక ఆదివారం మిగిలిన దుప్పట్లు మడతపెట్టడానికి వచ్చింది. బాయిలర్ ఆపేసి ఉంది. కిటికీలోంచి చలిగాలి కొడుతోంది. అయినా సెగ కమ్మింది. అంటే ఆ సెగ బాయిలర్‌ది కాదు, తన ఒంట్లోంచే వస్తోంది. మూడు నెలలుగా నెలసరి కూడా లేదు. కడుపులో గడ్డ పెరుగుతోందని తనకు తానే తీర్పు చెప్పేసుకుంది. కూతురి పరీక్షలయ్యేదాకా ఇంట్లో చెప్పకూడదనుకుంది. వారం రోజులు తిండి సయించలేదు. చివరికి ఆ భయమే ఆమెను ఆసుపత్రికి తోసుకెళ్లింది.

డాక్టరమ్మ స్కాన్ చూసి నవ్వింది.

"గడ్డా లేదు, గిడ్డా లేదు. ఆడపిల్ల అండాలన్నీ మోసుకునే పుడుతుందమ్మా. కొత్తవి చేరవు. నెలకొకటి విడుదలైతే, ఎన్నో వాటంతటవే కరిగిపోతాయి. ఆ నిల్వ అడుగంటేసరికి అండాశయాల్లో హార్మోను తగ్గిపోతుంది. ఒంటి వేడిని చూసుకునే మెదడు తికమకపడి, చిన్న తేడాకే చెమటలు పట్టిస్తుంది. నెలసరి ఆగే వయసు, అంతే."

"అంటే... నేను చావనా?"

"దీంతో కాదు! సెగ మరీ ఇబ్బంది పెడితే రండి, మందులున్నాయి."

ఆవిరక్క అక్కడే ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. బతికిపోయాననుకుంది. మెట్లు దిగుతుంటే వారం రోజుల ఆకలి ఒక్కసారిగా నకనకలాడింది.

మర్నాడు మెకానిక్కుకు కబురు పెట్టింది. "మళ్లీ ఏమైందక్కా?" అన్నాడతను నీరసంగా.

"బాయిలర్‌కేం కాలేదు తమ్ముడూ. ఆ సెగ నాదే. నిన్ను ఊరికే తిప్పలు పెట్టాను, ఏమీ అనుకోకు." డాక్టరమ్మ చెప్పిందంతా సిగ్గుపడకుండా చెప్పేసింది.

నవ్వుతాడేమో అనుకుంది. నవ్వలేదు. పనిముట్ల సంచీ కింద పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

"మా ఆవిడ ఏడాదిగా ఫ్యాను గాలి రావట్లేదని గోల పెడుతోందక్కా. రెండు మోటార్లు మార్చాను. ఫ్యాను బాగానే ఉంది, నీకే పిచ్చి అని నిన్న కూడా తిట్టాను." సంచీ మళ్లీ భుజాన వేసుకుంటూ అడిగాడు. "ఆ డాక్టరమ్మ ఎన్నింటికి వస్తుంది?"