మేకులు పీకిన కిటికీ

ఫ్రీటౌన్‌లో వానలు పడితే బూజు పిలవని చుట్టంలా దిగుతుంది. మేమంతా దానితో సర్దుకుపోతాం. పక్కింటి ఒనికే మామ్మ మాత్రం సర్దుకునే మనిషి కాదు. చర్చికి పెట్టుకునే టోపీ మీదైనా, పోయిన భర్త టుండే కోటు మీదైనా తెల్లటి చుక్క కనబడితే చాలు, నడుం బిగించేది. ఆమె ఓడిన చోటు ఒక్కటే, ముందుగదిలో వీధివైపు గోడ. ఏటా కడిగేది. ఏటా అది నల్లబడేది.

ఆ ఏడు పంతం ముదిరింది. మనవరాలు ఇయామిదేని అడగడానికి సెప్టెంబరులో వస్తామని పెళ్లికొడుకు వాళ్లు కబురు పెట్టారు. మా క్రియో జనంలో ఆ వేడుకని గేజ్ అంటాం. మగపెళ్లివారు పిల్ల ఇంటి తలుపు తట్టి, మీ తోటలో గులాబీ ఉందట, ఇస్తారా అని అడగాలి. మేం తలుపు తియ్యకుండా బాగా ఏడిపించి, వేరే పిల్లల్ని చూపించి, చివరికి అసలు పిల్లని చూపిస్తాం.

వేడుక అనగానే రంగు డబ్బా కొనడం మా ఊరి జబ్బు. మామ్మ చెల్లెలి కొడుకు షోలా, "తడిగోడరా, ఆగు" అని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా గోడంతా గులాబీరంగు పులిమాడు. వారం తిరక్కుండా రంగు పొక్కులు లేచి, అందులోంచి నల్లమచ్చలు మళ్లీ బయటికొచ్చాయి.

"పెద్దమ్మా, చర్చి హాలు మాట్లాడేస్తా. అక్కడ ఫ్యాన్లు కూడా ఉన్నాయి," అన్నాడు.

"నీ ఫ్యాన్లు నువ్వే తిప్పుకో! పిల్ల హాల్లో పుట్టిందా? ఈ ఇంట్లో పుట్టింది. ఈ తలుపే తట్టాలి."

"తడతారు, లోపలికొస్తారు, ముక్కు మూసుకుంటారు. ఆ కుర్రాడి మేనత్త రెమీ నోరు తెలుసుగా?"

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. షోలా వెళ్లాక గోడంతా అరచేత్తో తడుముతూ పోయి కిటికీ దగ్గర ఆగింది. ఊళ్లో తుపాకుల గొడవ జరిగినప్పుడు టుండే చెక్కలు అడ్డంపెట్టి మేకులు కొట్టిన కిటికీ అది. గొడవలు అణిగాయి, అందరూ కిటికీలు తెరుచుకున్నారు. ఈలోగా టుండే జ్వరంతో పోయాడు. ఆయన చేత్తో కొట్టిన మేకులని మామ్మ వాటిని ముట్టుకోలేదు.

"గోడనెందుకే తిట్టడం? దానికి ఊపిరాడనివ్వంది నేనే," అంది నాతో.

"నేను పీకనా మామ్మా?"

"నా మొగుడు కొట్టిన మేకులు నువ్వు పీకుతావా? సుత్తి ఇలా తే."

మొదటి మేకు పీకుతూ ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు. సగానికొచ్చేసరికి, "ఇల్లు కట్టేటప్పుడు ఇంత గట్టిగా కొట్టి ఉంటే పైకప్పు కారేది కాదు కదయ్యా!" అని ఆయన్నే దులిపేస్తోంది. చివరి చెక్క ఊడగానే సముద్రపుగాలి గదిలోకి దూసుకొచ్చింది.

ఆ తరువాత షోలా చేతే ఆ రంగంతా గీకించింది. బ్లీచింగ్ నీళ్లతో గోడ తోమి, వాన తెరిపిచ్చినప్పుడల్లా కిటికీ బార్లా తెరిచి కుంపటి పెట్టి ఆరబెట్టింది. పూర్తిగా ఆరాకే సున్నం వేయించింది. గోడ కొత్తదైపోలేదు, అక్కడక్కడా మచ్చలున్నాయి. కానీ ముట్టుకుంటే పొడిగా ఉంది. అదే చాలంది మామ్మ.

పెళ్లివారు వచ్చారు. తలుపు తట్టారు. "ఎవరు మీరు? ఏ ఊరు? ఇక్కడ గులాబీలు లేవు, పొండి!" అని షోలా లోపల్నుంచి దబాయిస్తున్నాడు. ఇంతలో కిటికీలోంచి తలపాగాతో సహా రెమీ తల లోపలికొచ్చింది.

"తలుపు దగ్గర ఈ గోలంతా ఎందుకర్రా? గులాబీ ఇదిగో, నోటినిండా అకరా గారెలు కుక్కుకుని నించుంది!"

లోపలిగదిలో దాక్కోవలసిన ఇయామిదే సిగ్గుతో చచ్చిపోయింది. అన్నేళ్లుగా మూసి ఉన్న కిటికీ కదా, ఇప్పుడది తెరిచి ఉందన్న ధ్యాసే మాకెవరికీ లేకపోయింది. వేడుక పాడైందని షోలా తల పట్టుకున్నాడు.

మామ్మ నింపాదిగా కిటికీ దగ్గరికి వెళ్లింది.

"దొంగలొస్తారని మా ఆయన మేకులు కొట్టిన కిటికీ వదినా ఇది. తెరిచానో లేదో, పిల్లని ఎత్తుకుపోవడానికి మీరు దిగారు!"

వీధి వీధంతా నవ్వింది. మామ్మ కళ్లు తుడుచుకుని, ఆ కిటికీలోంచే చెయ్యి చాపి రెమీ చెయ్యి పట్టుకుంది.