నూనె అంటని చేతులు

"మీ అన్న పోయినాడప్పా. కాపీ తాగి కూసున్నోడు మళ్లా లేయల్యా" అని ఎమ్మిగనూరు నుంచి వదిన ఫోన్ చేసింది. అండమాన్ నుంచి సెలవుకు ఆదోని వచ్చి ఉన్నాను కాబట్టి వెంటనే బస్సెక్కాను. దారి పొడవునా ఆయన మాటలే గుర్తొచ్చాయి.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు, నాకు పని నేర్పినవారు. సముద్రం ఎరగని మా వైపు నుంచి అండమాన్ వెళ్లి, స్కూబా డైవింగ్ సెంటర్లో సిలిండర్లు నింపే మేస్త్రి అయ్యారు. పోయినేడే పని మానుకుని ఊరికి వచ్చేశారు. మామూలు గాలిలో ఐదో వంతుండే ఆక్సిజన్‌ను మూడో వంతు దాకా పెంచి కలిపితే, డైవర్లు నీటి అడుగున ఇంకాస్త ఎక్కువసేపు ఉండొచ్చు. ఆక్సిజన్ ఎక్కువైతే మాత్రం లోతులో మూర్ఛ వస్తుంది, మనిషి దక్కడు. అందుకే నింపిన ప్రతి సిలిండర్‌నూ మీటరు పెట్టి తాను చూసేవారు. దిగబోయే మనిషి చేత మళ్లీ చూపించి, ఎంత లోతు దాటకూడదో అతని చేతే రాయించేవారు. నేను విసుక్కుంటే, "కిందికి పోయినోడు మనల్ని పిల్సలేడు రా. ఈడే సూడాల" అనేవారు.

నేను ఆదోని నూనె మిల్లులో పనిచేసి, అక్కడ ఆయన దగ్గర చేరినవాణ్ణి. మిల్లులో ఏది బిగుసుకున్నా ఓ చుక్క నూనె వేస్తాం. చేరిన మూడో రోజు ఆక్సిజన్ గొట్టం మర తిరగలేదు. అప్పుడు అక్కడే ఉన్న వదిన బొరుగుల ఉగ్గాణితో పంపిన బజ్జీల పొట్లం పక్కనే ఉంది. ఆ కాగితానికి అంటిన నూనెను మరకు రుద్ది బిగించాను. ఆయన వాల్వు తిప్పబోతుంటే గొప్పగా, "సూడన్నా, బజ్జీల నూనెతో ఎంత బాగ తిరిగిందో!" అన్నాను.

ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది. "నూనె పూసినావా! ఆక్సిజన్‌కు నూనె తగిల్తే బాంబే రా! తిప్పింటే ఇద్దరమూ బుగ్గయిపోయింటాం!"

ఆ రోజు ఆ గ్యాస్‌తో ఎవర్నీ నీళ్లలోకి దిగనివ్వలేదు. యజమాని మండిపడితే, కొత్తవాడికి ముందే చెప్పకపోవడం తన తప్పేనన్నారు. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం దాకా సామాను విప్పి కడిగాక, వాల్వు తిప్పడం నేర్పారు. "నిమ్మళంగా. పసిబిడ్డకు పాలు పట్టినట్ల." అంత ఓపికైన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నేను వెళ్లేసరికి వాకిట్లో ఆఖరి స్నానానికి సిద్ధం చేస్తున్నారు. వదిన గిన్నెలో నూనె తెచ్చింది. అన్నేళ్ల పనిలోనే కాదు, పని మానుకున్నాక కూడా ఆయన పండగనాడైనా తలకు నూనె పెట్టనిచ్చింది లేదట. "ఇప్పుడన్నా పూసుకో. ఇంగ పనికి పోయేది ల్యా కదా" అంటూ ఆ ఎండు జుట్టుకు మర్దన చేసి, నన్నూ రమ్మంది. అరచేతిలో నూనె పోయించుకున్నాను. ఆయన తల తాకడానికి చాలాసేపు చేయి రాలేదు.