టమోటా కోసిన వేళ్లు

మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న రైతమ్మ ఫోన్‌తో కుస్తీ పడుతోంది. టమోటా రేటుకు ఒప్పుకోవాలంటే అర నిమిషంలో వేలిముద్ర వేయమంటోంది యాప్. కోతకు వెళ్లొచ్చిన వేళ్లేమో టమోటా మొక్కల నల్లటి జిగురు పట్టి ఉన్నాయి. ఆమె సంచిలోంచి పచ్చి టమోటా తీసి చిదిమి, ఆ రసంతో వేళ్లు రుద్దుకుంది. జిగురు వదిలేసరికి గడువు దాటింది, రేటూ పోయింది.

"ఇది చేసినోడు ఒక్క దినమన్నా కాయలు కోసినాడా అప్పా?" అంది.

ఆ యాప్ చేయించింది నేనే. రైతు కష్టాన్ని మన కష్టంగా చూడటమెలాగో నేనూ మా టీమూ ఏసీ గదిలో రెండు రోజులు నేర్చుకుని, సర్టిఫికెట్లు కూడా తీసుకున్నాం. ఒక్కడూ తోట మొహం చూడలేదు! నా మీద నాకే ఒళ్లు మండింది.

"నేనేనమ్మా చేయించింది," అన్నాను.

ఆమె నా చేతుల వైపు చూసింది.

"తెలస్తానే ఉండాదిలేప్పా."