చప్పుడు లేని పంపు

ఇబిదున్ ఇల్లెక్కడని అడిగితే ఆ వీధిలో ఎవరూ చెప్పలేరు. ఇయా ఎలేజా అని అడిగితే చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. నైజీరియాలోని ఇబాదాన్ ఊరి చివరనున్న ఆ వీధిలో పెళ్ళయిన ప్రతి ఆడమనిషికీ పెద్దబిడ్డ పేరే పేరు. ఇయా అంటే అమ్మ కాబట్టి ఫలానావాడి ఇయా, ఫలానాదాని ఇయా అంటారు. మరి బిడ్డలు లేని మనిషిని ఎవరి అమ్మ అనాలి? వీధి కాస్త ఆలోచించి, చేపలమ్ముతుంది కదా అని ఆమెను ఇయా ఎలేజాను, అంటే చేపల అమ్మను చేసి ఊరుకుంది. ఇక కన్నవాళ్ళు పెట్టిన ఇబిదున్ అనే పేరుకేమో, బిడ్డను కనడం తీపి అని అర్థం. పేర్లు పెట్టేవాళ్ళకేం, పెట్టేసి పోతారు.

ఆమె భర్త అదిగున్ పెరట్లో సిమెంటుతో కుంట కట్టి, మీసాల చేపపిల్లలను వదిలి, మొదటి పంట చేతికి రాకముందే పోయాడు. దినాలకొచ్చిన బంధువులు కుంట పూడ్చేసి నాలుగు గదులు కట్టి అద్దెకిచ్చుకోమన్నారు. మనిషి ఎలాగూ పోయాడు, ఆయన చేత్తో కట్టినదాన్ని కూడా పూడ్చమంటారేమిటని ఆమె వాళ్ళమీద విరుచుకుపడింది. ఆ కోపంలోనే చేపల పని మొత్తం నేర్చేసుకుంది. తొందరగా ఎదిగిన చేప పక్కనున్న చిన్నదాన్ని మింగేస్తుంది గనక వాటిని ఏరి వేరే తొట్టిలో వెయ్యడం, నీళ్ళ రంగు చూసి ఎప్పుడు మార్చాలో చెప్పడం, బేరానికొచ్చిన హోటళ్ళవాళ్ళను నిలబెట్టి మాట్లాడటం, అన్నీ వచ్చేశాయి. సాయంత్రాలు ఒంటరిగా ఎలా గడపాలో మాత్రం రాలేదు. ఆ అవసరం కూడా ఆమెకు చాలాకాలం పడలేదు, ఎందుకంటే జనరేటరు ఉంది.

మీసాల చేప మేత ఆలస్యమైతే ఓర్చుకుంటుంది గానీ నీళ్ళు పాడైతే ఊరుకోదు. రోజూ కాస్త పాత నీరు వదిలేసి బావిలోంచి కొత్త నీరు పట్టాలి. కరెంటు దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. దాన్ని నమ్ముకుంటే చేపలు వెల్లకిలా తేలతాయి. అందుకని అదిగున్ పెద్ద పంపు ఒకటి, దాన్ని నడపడానికి పెద్ద జనరేటరు ఒకటి కొని పెట్టాడు. వీధిలో అందరి దగ్గరా ఉండే బుల్లి జనరేటరు, జనం ముద్దుగా ‘పక్కింటోడికంటే నేనే నయం’ అని పిలుచుకునేది, ఆ పంపును కనీసం కదిలించలేదు కూడా. పెట్రోలు ధర ఆకాశాన్నంటాక ఆ బుల్లివన్నీ మూలపడ్డాయి. ఇబిదున్ ఇంటిది మాత్రం చేపల పుణ్యమా అని రోజూ సాయంత్రం మోగుతూనే ఉండేది.

అది మోగిందంటే చాలు, వీధంతా ఫోన్లు, చార్జింగ్ లైట్లు పట్టుకుని దిగేది. వసారాలో ఆమె పొడుగు ప్లగ్గుబోర్డు పరిచేది. ఫోన్లకు చార్జింగు ఎక్కేదాకా వాళ్ళంతా బల్లలమీద కూర్చునేవాళ్ళు. జనరేటరు హోరులో మామూలుగా మాట్లాడితే వినపడదు కాబట్టి అందరూ అరుస్తూ మాట్లాడేవాళ్ళు, అరుస్తూ నవ్వేవాళ్ళు. బస్టాపు దగ్గర అకారా వేయించే రిసికాతు మిగిలిన నాలుగు బొబ్బర్ల గారెలు కాగితంలో చుట్టి తెచ్చేది. ఒకప్పుడు లారీ నడిపిన బాబా అలాము ఎప్పుడూ చివరి బల్లమీద, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆయనకూ భార్య పోయింది. భర్త లేని ఆడదాని వసారాలో మగవాడు ఊరికే కూర్చుంటే వీధి ఊరుకోదు గానీ, చేతిలో ఫోనుంటే ఎవరూ నోరెత్తరు.

“ఇయా, మీ జనరేటరు చేపలకంటే ఎక్కువ తింటోంది సుమండీ,” అన్నాడాయన ఒకరోజు.

“తిననివ్వండి బాబా,” అంది రిసికాతు. “అది తినకపోతే మీ ఫోను పస్తే కదా! అయినా అంత చార్జింగు పెట్టుకుని ఏం చేస్తారు? మీకు ఫోన్ చేసేదెవరు?”

“నా క్లీనర్లు చేస్తారే. పైనుంచి! ఎప్పుడొస్తావు గురూ, లోడు రెడీగా ఉంది అంటారు.”

అందరూ పడీ పడీ నవ్వారు. ఇబిదున్ కూడా నవ్వింది గానీ, ఆయన మొదట అన్న మాట మాత్రం మనసులో ఉండిపోయింది. నిజమే. చేపలమ్మి తెచ్చిందంతా పెట్రోలు డబ్బాలోకే పోతోంది. ఇలాగే నడిస్తే వచ్చే పంటకు చేపపిల్లలు కొనే దారి కూడా ఉండదు. కుంట పూడ్చమన్న బంధువుల మాటే చివరికి నెగ్గుతుంది. ఆ ఆలోచనకే ఆమెకు ఒళ్ళు మండింది.

మర్నాడు తాడుకు రాయి కట్టి బావి లోతు కొలుచుకుని, ఆ తాడునే చుట్టగా చుట్టి సంచిలో వేసుకుని పంపుల బజారుకు వెళ్ళింది. కొట్టు నడిపే కెలెచి నోటినిండా నవ్వుతో ఎదురొచ్చాడు.

“రండి మమ్మీ! ఇదిగో, కొత్త సరుకు, ఒకటిన్నర హార్స్‌పవర్. స్విచ్చి వేశారా, కుంట పొంగి వీధిలోకి రావాల్సిందే.”

“వీధిలో చేపలు పెంచడంలేదు నాయనా నేను,” అంటూ ఆమె తాడు తీసి బల్లమీద పరిచింది. “నీళ్ళు ఇంత లోతులో ఉన్నాయి. కుంట బావి పక్కనే, నేలమీదే ఉంది. మేడమీద ట్యాంకుకెక్కించే పని లేదు. గంటలో నింపెయ్యాలన్న తొందరా లేదు. సన్నగా పడ్డా పొద్దంతా పడితే చాలు. దానికి ఏది తక్కువ తింటుందో అది చూపించు.”

కెలెచి పెద్ద పంపును వెనక్కి నెట్టేసి, లోపల్నుంచి మోచెయ్యంత పంపొకటి తెచ్చాడు. “ఇలా కొలుచుకుని వచ్చేవాళ్ళు ఎంతమంది మమ్మీ! అందరికీ పక్కింటోడికంటే పెద్ద పంపు కావాలి. ఎత్తు లేనిచోట ఇదే రాజు. బావిలోనే మునిగి ఉంటుంది. పైన ఒక్క సోలారు పలక, అంతే. ఎండ ఉన్నంతసేపూ తోడుతుంది. పైపు మాత్రం లావుది వెయ్యండి, సన్నది వేస్తే దాని గొంతు పిసికినట్టే.”

“చప్పుడు?”

“చెవి పెట్టినా వినపడదు. ఇంట్లో పంపు ఉందని దొంగక్కూడా తెలీదు! పాత జనరేటరు తెచ్చెయ్యండి, మంచి రేటు కడతాను.”

“దాని సంగతి తర్వాత చూద్దాంలే,” అంది ఇబిదున్. ఎందుకలా అందో ఆమెకే తెలీదు.

పంపు బిగించిన రోజు పొద్దున ఆమె పీట వేసుకుని కుంట పక్కనే కూర్చుంది. పైపులోంచి నీళ్ళు చిటికెన వేలంత ధారగా మొదలై, ఎండ ఎక్కేకొద్దీ మణికట్టంత లావయ్యాయి. మధ్యాహ్నానికి నీటిరంగు తేటబడింది. మేత వెయ్యగానే చేపలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎగబడ్డాయి. తాను సరిగ్గా ఎంచుకుందని ఆమెకు చాలా గర్వమేసింది. ఇప్పుడు అదిగున్ ఉంటే, ఇంత బుల్లిదా అని మొదట వెక్కిరించి, తర్వాత నలుగురికీ తానే ఎంచుకున్నట్టు చెప్పుకునేవాడు.

సాయంత్రం అలవాటుకొద్దీ బల్లలు తుడిచి కూర్చుంది. ఎవరూ రాలేదు. చీకటి పడేవేళకు రిసికాతు తలమీద పళ్ళెంతో గబగబా పోతూ గేటు దగ్గర ఆగింది.

“ఏంటి ఇయా, ఇవాళ మోగదా?”

“కొత్త పంపు పెట్టించానే. ఎండకే నడుస్తుంది. రా, కూర్చో.”

“మంచి పని చేశారు! పెట్రోలు పీడ వదిలింది. వస్తా ఇయా, ఫోను చచ్చిపోయింది. మలుపులో చార్జింగు కొట్టు పెట్టారు, వాడు మూసేస్తాడు.” అని వెళ్ళిపోయింది.

ఆ మాటలో తప్పేమీ లేదు. ఫోను చచ్చినవాళ్ళు చార్జింగున్నచోటికే పోతారు. అయినా ఇబిదున్‌కు గుండెలో కలుక్కుమంది. ఇన్నాళ్ళూ వాళ్ళు తన కోసం వస్తున్నారని ఆమె ఎన్నడూ పైకి అనుకోలేదు. లోలోపల మాత్రం అదే అనుకుందని ఇప్పుడు తెలిసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒకరోజు వేరుశనగలు ఉడకబెట్టి ఉంచింది. చల్లారిపోయాక తానే తింది. పంపు సద్దు లేకుండా దాని పని అది చేసుకుపోతోంది. పెరట్లో చేప తోక కొడితే వసారాలోకి వినిపించేంత నిశ్శబ్దం. ఇంట్లో ఇంకొక మనిషి గొంతు విని వారం దాటింది.

ఉండబట్టలేక ఒక సాయంత్రం ఏదో కొనేదానిలా మలుపుదాకా వెళ్ళి చూసింది. వాళ్ళంతా అక్కడ చేరి నవ్వుకుంటున్నారేమోనని ఆమె బాధ. తీరా చూస్తే అక్కడ బల్లలే లేవు. కొట్టువాడు కిటికీలోంచి ఫోను తీసుకుని అట్టముక్కమీద పేరు రాసిచ్చి పంపేస్తున్నాడు. ఎవరి ఇంటికి వాళ్ళు పోతున్నారు. అది చూశాక ఊరట కలుగుతుందనుకుంది గానీ ఇంకా దిగులేసింది.

బాబా అలాము మాత్రం రోజూ ఆ వేళకు ఇంటిముందునుంచి మెల్లగా నడిచి వెళ్ళేవాడు. “ఇయా, చేపలు బాగున్నాయా?” అని రోడ్డుమీంచే అడిగేవాడు. “బాగున్నాయి బాబా, లోపలికి రండి,” అంటే, “లేదమ్మా, ఇలా పోతున్నాను,” అనేవాడు. ఎక్కడికి పోతున్నాడో మరి, కాసేపటికి అదే దారిన తిరిగి వచ్చేవాడు.

చివరికి ఒకరోజు ఇబిదున్ డబ్బా పట్టుకుని బంకుకు వెళ్ళి పెట్రోలు పోయించుకొచ్చింది. సాయంత్రం జనరేటరు బయటికి లాగి, తాడు పట్టుకుని, పిచ్చెక్కిందే నీకు అని తనను తానే తిట్టుకుని, గట్టిగా లాగింది. అది పాత హోరుతో మొదలైంది. దానికి ఏ పంపూ తగిలించలేదు. పెరట్లో కుంట మధ్యాహ్నానికే నిండి, అంచులదాకా తొణుకుతోంది. ఆమె ప్లగ్గుబోర్డు పరిచి, బల్లమీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చాలాసేపు ఎవరూ రాలేదు. వీధి కొత్త కొట్టుకు అలవాటు పడిపోయింది. ఖాళీ వసారా కోసం ఇంత పెట్రోలు తగలేస్తున్నానని సిగ్గేసి, ఆపేద్దామని లేచేసరికి గేటు చప్పుడైంది. బాబా అలాము ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను పైకెత్తి చూపిస్తూ లోపలికొచ్చాడు.

“చేపలకు నీళ్ళు చాల్లేదా ఇయా?” అని అరిచాడు హోరులో.

“చాల్లేదు బాబా!” అని అరిచింది ఆమె.

“నా ఫోను కూడా పూర్తిగా చచ్చింది. కాస్త పెడతారా?”

ఆమె ఫోను అందుకుని వైరు గుచ్చింది. తెర వెలిగింది. చార్జింగు నిండుగా ఉంది. ఆమె తల ఎత్తి చూస్తే ఆయన ఎటో గోడకేసి చూస్తున్నాడు. ఇబిదున్ ఫోనును బోర్లించి బల్లమీద పెట్టింది.

“చాలా తక్కువుంది బాబా,” అంది. “నిండేసరికి బాగా ఆలస్యమవుతుంది. కూర్చోండి.”