మిర్యాలగూడ నుంచి వచ్చిన సవరణ

సూర్యాపేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా సొంతంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాణ్ని. ఎవరైనా చదివి మార్చుకోవచ్చని, ఓపెన్ సోర్స్ పద్ధతిలో కోడంతా ఇంటర్నెట్‌లో పెట్టాను. చాలాకాలం ఒక్కరూ పట్టించుకోలేదు.

ఒకరోజు మెయిల్ వచ్చింది. ప్రోగ్రాములకు మెమరీ పంచే కోడ్‌లో నేను చేసిన తప్పు చూపించి, సరిచేసి పంపాడు ఒకతను. మిర్యాలగూడ అట, వాళ్లకు రైస్ మిల్లు ఉందట.

సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది. మిల్లు నడిపేవాళ్లకు దీంతో ఏం పని? లోపల ఏదైనా దొంగదారి పెట్టాడేమోనని ఒక్కో లైనూ వెతికాను. ఏమీ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

మా నాన్న గొర్లు కాసి, ఇంత వ్యవసాయం చేసి మమ్మల్ని పెంచినవాడు. విషయం చెబితే, "సావుకార్లు ఊకెనే ఏదియ్యరు బిడ్డా, జర సూసుకో," అన్నాడు.

ఆదివారం వస్తున్నానని మెయిల్ పెట్టి, బస్సెక్కి వెళ్లాను. మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు నా ఈడువాడే కూర్చున్నాడు. చాయ్ తెప్పించాడు. నేను ముట్టలేదు.

"గిది చేస్తే నీకేమొస్తదన్నా?" అని అడిగాను.

"ఏం రాదు. నీ సిస్టమ్ మాటిమాటికి ఆగిపోతుంటే సూడబుద్ధి కాలే."

"మరి సవరణ కింద నీ పేరు పెట్టాల్నా?"

"వద్దొద్దు!" తలుపు వైపు చూశాడు. "నా పేరు అసలే రావద్దు."

పేరొద్దనేవాణ్ని ఎట్లా నమ్మేది? లేచి నిలబడ్డాను. అతను గొంతు తగ్గించాడు.

"నేను మిల్లు లెక్కలు రాస్తున్ననుకుంటుండు మా బాపు. తెలిస్తే కంప్యూటర్ బయట పారేస్తడు. నువ్వు బాపు పంపిన మనిషివేమోనని పొద్దటి నుంచి నాకే పరేషాన్‌గ ఉంది."

కూర్చుని చల్లారిన చాయ్ తాగాను. ఇంటికొచ్చి ఆ సవరణ కలిపాను. అప్పటి నుంచి ఇద్దరం కలిసే రాశాం. అతని కోడ్ నేను, నా కోడ్ అతను, దొంగసొమ్ము కోసం సోదా చేసినట్టే చూసేవాళ్లం. తప్పులు చాలావరకు అట్లనే దొరికాయి.

ఒక వానాకాలం అతని మెయిళ్లు ఆగిపోయాయి. మిల్లుకు ఫోన్ చేస్తే వాళ్ల నాన్న ఎత్తాడు.

"ఎవలు? మావోనితో ఏం పని?"

నోటికొచ్చింది చెప్పాను. "సూర్యాపేట నుంచి సేటూ, వడ్లున్నయి. సన్నాలు."

"తీసుకరా, సూద్దాం."

తర్వాత కొన్నాళ్లకు మెయిల్ వచ్చింది. జ్వరం తగ్గి లేచాడట. కొత్త సవరణ కింద ఒక్క ముక్క రాశాడు: "బాపు నీ వడ్ల కోసం ఇంకా ఎదురుసూస్తుండు."