ఖతీఫ్‌లో వంకాయ కప్పతల్లి

గురువారం ఉదయం రియాద్‌లో దమ్మామ్ రైలెక్కాను. రెండో తరగతి టికెట్, నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, అదే కఫీల్, రాసిచ్చిన ప్రయాణపు కాగితం, బతా బజార్లో కట్టించుకున్న నాలుగు పరోటాలు నా సామాను. మీరు వెళ్తే కాగితం మర్చిపోకండి. పోలీసులు పరోటాలు చూసి వదలరు.

దమ్మామ్ పక్కన ఖతీఫ్ ఖర్జూర తోటలో పనిచేసే మా ఊరి మల్లయ్యన్న వాన రప్పించడానికి సాయం రమ్మన్నాడు. యుద్ధం ముగిసినా కువైట్‌లో నూనె బావులు ఇంకా మండుతున్నాయి. ఆ మసంతా వచ్చి ఇక్కడి చెట్ల మీద పేరుకుంది. వాన పడి ఆకులు శుభ్రమైతేనే ఇంటికెళ్లడానికి సెలవన్నాడట అతని కఫీల్. బావినీళ్లు మొదళ్లకే తప్ప ఆకులకు పోయకూడదట. మల్లయ్యన్న ఇక్కడికొచ్చాక పుట్టిన కూతురికి మూడేళ్లు. ఇంతవరకు చూడలేదు, పాపం.

“ఖతీఫ్‌లో ఏం పని?” అని పక్క సీటు పాకిస్తానీ డ్రైవర్ ఉర్దూలో అడిగాడు.

“వాన కోసం.”

“సంచిలో తెస్తున్నావా?” అని నా పరోటా ఒకటి తీసుకున్నాడు.

దమ్మామ్‌లో షేర్ టాక్సీ పట్టుకుని రెండింటికి తోట చేరాను. మోటారు బాగుచేయడానికొచ్చిన జపాన్ మెకానిక్ సాతో గారు అక్కడున్నారు. వాళ్ల దీవిలో వానలు లేకపోతే మగవాళ్లు నడుముకు డోలు కట్టుకుని గుండ్రంగా ఎగురుతారట. వచ్చీరాని అరబీలో చెప్పి, నూనె డబ్బా నడుముకు కట్టుకుని ఎగిరి చూపించారు. యాభై దాటిన మనిషి మేకపిల్లలా గెంతారు!

మల్లయ్యన్నకు అది చాలలేదు. “ఉత్తగ ఎగిరితె వాన రాదు తమ్మీ. కప్పతల్లి ఆడాలె. కప్పను ఇంటింటికి మోసుకపోవాలె, ఇంటోళ్లు నీళ్లు పొయ్యాలె.”

“ఈడ కప్పేది? ఇండ్లేవే?”

“వంకాయే కప్ప. చెట్టే ఇల్లు. నడువు!”

కర్రకు వంకాయ కట్టి ముందు నేను, వెనక సాతో గారు భుజాన వేసుకున్నాం. మల్లయ్యన్న పైపు పట్టాడు. చెట్టుచెట్టుకూ ఆగి డబ్బా మోగించి ఎగిరాం. అతని గురి అధ్వానం. వంకాయ కంటే మేము, మాకంటే ఆకులు ఎక్కువ తడిశాయి. ఒళ్లంతా నల్లనీళ్లు. చివరి చెట్టు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే తోటంతా పచ్చగా ఉంది.

శుక్రవారం నమాజు తర్వాత కఫీల్ వచ్చాడు. ఆకును తుడిచి వేలు చూసుకున్నాడు. “మతర్?” అన్నాడు, వాన పడిందా అని. మేం ముగ్గురం ఆకాశం వైపు చూశాం. అతను మా నల్లబడ్డ చొక్కాలు చూశాడు, గడ్డం నిమురుకున్నాడు, నవ్వాపుకున్నాడు. రేపు శనివారం పాస్‌పోర్టు ఇస్తానని, ఆ రోజే బయల్దేరమని చెప్పాడు. మల్లయ్యన్న మట్టిలోనే కూలబడి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

సాయంత్రం తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఉత్తరాన మబ్బు కమ్ముతోంది. కువైట్ పొగలోంచి వాన పడితే మసితోనే పడుతుంది, ఆకులు మళ్లీ నల్లబడతాయి. కఫీల్ మనసు మారితే? వాన కోసం పుట్టినప్పటినుంచీ మొక్కుతున్న ఊరివాణ్ణి, మొదటిసారి చేతులు జోడించి వద్దని మొక్కాను. తల్లీ, మల్లయ్యన్న విమానమెక్కేదాకా ఆగు.