పేరు ముందు స్టార్

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది. సూరత్‌లో ఖటోదరా చుట్టుపక్కల చీరల యూనిట్లకు కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. ఒకరోజు పొద్దున్నే ఓ యూనిట్ యజమాని మహేశ్‌భాయ్ ఫోన్ చేశాడు. డిజైన్ల ఫోల్డర్ మొత్తం ఖాళీ అయిందట. నేను వెళ్లేసరికే దొంగ ఎవరో తేల్చేశాడు.

"సుజాతే తీసేసింది. నిన్న పని మానేస్తానంది, ఇవాళ ఫోల్డర్ ఖాళీ. ఇంకేం రుజువు కావాలి?" అన్నాడు హిందీలో.

సుజాత అక్కడి డిజైనర్. సిరిసిల్ల నుంచి మగ్గం పనికి వచ్చినాయన కూతురు, పుట్టింది సూరత్‌లోనే. ఆమె కంప్యూటర్‌లో గీసిన అంచులే మగ్గాల మీద నేసేవారు. ఆమెకు వేరే యూనిట్‌లో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు గోడవారగా కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ఫోన్, బ్యాగ్ యజమాని టేబుల్ మీద ఉన్నాయి.

"నేనేం తీయలే అన్నా. నిన్న నెమలి అంచు సేవ్ చేసి ఇంటికి పోయిన, గంతే."

"దానికి పేరేం పెట్టినవ్?" అని అడిగాను.

"మోర్, నెమలి అని. కొనే పార్టీకి చూపించేటిది గదా, లిస్టుల పైన కనబడాలని ముందు స్టార్ పెట్టి, జర జాగ ఇడిసి రాసిన."

ఆ మాటతో నేను ఆ కంప్యూటర్‌లో ఉన్న షెల్ స్క్రిప్ట్ తెరిచాను. కంప్యూటర్ వరుసగా చేయాల్సిన పనులు రాసిపెట్టుకునే ఫైల్ అది. డిజైన్ సేవ్ చేసినప్పుడల్లా దాని పాత నకలొకటి, పేరు చివర ~ గుర్తుతో, మిగిలిపోతుంది. ఆ నకళ్లను ఒక్కొక్కటిగా తీసేయమని ఎప్పుడో ఎవరో స్క్రిప్ట్ రాశారు. రోజూ సాయంత్రం దానంతటదే నడిచేది.

అందులో తీసేసే ఆదేశం `rm $f`. f అంటే ఫైల్ పేరు. దానికి కొటేషన్ గుర్తులు లేవు. అవి లేకపోతే ఖాళీ ఉన్నచోట పేరు రెండు ముక్కలవుతుంది. సుజాత పెట్టిన పేరులో మొదటి ముక్క ఒట్టి స్టార్. షెల్‌కు, అంటే స్క్రిప్ట్‌ను నడిపేదానికి, స్టార్ అంటే వైల్డ్‌కార్డ్, ఫోల్డర్‌లో ఉన్నవన్నీ అని అర్థం. ఒక్క నకలు తీయబోయి స్క్రిప్ట్ అన్నిటినీ తుడిచేసింది. విండోస్ అయితే అలాంటి పేరే ఒప్పుకోదు. అక్కడున్నది లినక్స్.

ఇదంతా చెప్పినా మహేశ్‌భాయ్ నమ్మలేదు. వేరే కంప్యూటర్‌లో కొత్త ఫోల్డర్ చేసి, ఉత్త ఫైళ్లు కొన్ని పెట్టి, ఒకదానికి సుజాత పెట్టిన పేరే, చివర ~ తో, పెట్టాను. అదే స్క్రిప్ట్ నడపడానికి ఎంటర్ ఆయన్నే నొక్కమన్నాను. ఫోల్డర్ ఖాళీ అయింది.

"ఏక్ బార్ ఔర్" అన్నాడు.

మళ్లీ పెట్టాను, మళ్లీ నొక్కాడు. మళ్లీ ఖాళీ. మహేశ్‌భాయ్ లేచి వెళ్లి బ్యాగూ ఫోనూ తానే తెచ్చి సుజాత చేతికిచ్చాడు. "మాఫ్ కర్ దే, బేటీ. ఇక్కడే ఉండిపో" అన్నాడు.

డిస్క్‌లోంచి చాలా డిజైన్లు వెనక్కి రాబట్టగలిగాను. నెమలి అంచు మాత్రం దొరకలేదు. సుజాత దాన్ని మళ్లీ గీసిచ్చి మరీ వెళ్లింది. ఆ చివరి రోజు, "ఇంకోసారి ఆలోచించకపోయినవా?" అని అడిగాను.

"ఏం ఆలోచించుడు అన్నా? పోవుడైతే పోతున్న. దొంగ అనే పేరుతోని పోతలేను, గది చాలు."

కొటేషన్ గుర్తుల సంగతి ఏ పుస్తకం చూసినా తెలుస్తుంది. నేను నేర్చుకున్నది వేరు. ఇప్పుడు ఎక్కడికి పిలిచినా, ఎవరు చేశారన్న మాట వినకముందే, ఏం జరిగిందో ఒక నకలు మీద మళ్లీ జరిపి చూస్తాను. ఆ గదిలో అప్పటికే ఎవరో ఒకరు గోడవారగా కూర్చుని ఉంటారు.